బోరు బండి వెళ్ళాక

మార్చిలో బోరు బండి వచ్చింది.
గేటు పక్క గోడ ఓ బారెడు పడగొట్టి
పెరట్లోకి తోలారు.
తొమ్మిదివందల నలభై అడుగులు.
నీళ్ళ బదులు పొడి.
బూడిదరంగు రాతిపిండి,
జామాకుల మీద, ఆరేసిన దుప్పట్ల మీద,
మా హొరమావు వీధి మొత్తం పెదాల మీద.

పైపుకి మూత బిగించి, డబ్బు లెక్కపెట్టుకుని
వాళ్ళు వెళ్ళిపోయారు.
లాన్ మీద మిగిలినవి
ఎవరూ దున్నకుండానే పడ్డ రెండు చాళ్ళు,
వాటి మధ్య చచ్చిన గడ్డి.
వేసవంతా ట్యాంకరు నీళ్ళతో గిన్నెలు కడుక్కున్నాం.
గడ్డి వైపు చూసే మొహం లేక
వంటింటి కిటికీ మూసే ఉంచాం.

భాద్రపదం దాకా ఆగాను.
ఎండ మెత్తబడి, వాన ఇంకా పూర్తిగా పోని
ఆ రెండు మూడు వారాలే అదనని
నర్సరీ కుర్రాడు చెప్పాడు.
అరకిలో పొట్లం. మీద పెద్దక్షరాల్లో బెర్ముడా.
ఎక్కడో సముద్రం మధ్య దీవి పేరు.
ధర చూసి మా ఆవిడ దాన్ని
ఎలుకలకు భయపడి బియ్యం డబ్బాలో దాచింది.

పనికి పావగడ మారెక్క వచ్చింది.
ఎండుగడ్డిని దంతెతో దువ్వి లాగింది,
చిక్కుజుట్టు దువ్వే తల్లిలా తిడుతూ.
చాళ్ళలో బిగిసిన రాతిపిండిని గునపంతో పెళ్ళగించింది.
ఎర్రమట్టి పోసింది, పశువుల ఎరువు, జల్లించిన ఇసుక.
అప్పుడు పొట్లం విప్పాను.

చిటికెడు తీసి అరచేతిలో నలిపింది. ఊదింది.
పంటి కింద పెట్టి కొరికింది.
"గరిక కదప్పా ఇది."
కాదు, బెర్ముడా అన్నాను.
"గరికే."

ఫోన్లో వెతికాను. గరికే.
మొన్న చవితికి ఇరవయ్యొక్క పోచలు
లెక్కపెట్టి పూజ చేసిన చేతులు మావే.

మారెక్క కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
"పదేండ్ల పిల్లప్పటి నుంచీ శెనక్కాయ చేన్లో
దీన్ని పీకీ పీకీ నా యేళ్ళు ఇట్లయినాయి.
ఒక్క కణుపు మిగిలినా మళ్ళా లేస్తాది.
మేము చేను అమ్మేసిన దినం గూడా
ఇదొక్కటే పచ్చగుండె.
దుడ్లిచ్చి కొంటిరా దీన్ని?"

నా దగ్గర జవాబు లేదు. రసీదు ఉంది.

నేను చల్లితే ఒకచోట కుప్ప, ఒకచోట బోడి.
చెయ్యి అడ్డం పెట్టి బుట్ట లాక్కుంది.
ఇసుకలో కలిపి, ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా.
ఆ మణికట్టుకి ఏదో పాత లెక్క తెలుసు,
ఆమెను అడగకుండానే అది తిరుగుతోంది.

రెండో రోజుకే చీమలు బారులు తీరి మోసుకుపోయాయి.
మూడో రాత్రి వాన.
పొద్దున మోరీ దగ్గర విత్తనాల మేట.
పక్కింటి మునిరత్నంగారి కుక్క వచ్చి
సరిగ్గా దాని మీదే పడుకుంది.
మా ఆవిడ సీసా మూతకి చిల్లులు పొడిచి
పూటపూటా తడుపుతూనే ఉంది,
మొలుస్తుందని నాకు చెప్పకుండా, మొలవదనీ చెప్పకుండా.

పదకొండో రోజు వంగి చూశాను.
మట్టి మీద ఆకుపచ్చటి పొగ.
అంతటా కాదు.
నేను పలకతో చదును చేసిన చోట ఏమీ లేదు.
ఒకచోట ఐదు వేళ్ళు, ఒక మడమ.
అడుగున్నర అవతల మళ్ళీ ఐదు వేళ్ళు, మడమ.
చెప్పుల్లేకుండా మారెక్క తొక్కిన చోటల్లా
విత్తనం లోపలికి దిగి
ఆ పాదాల కొలతకే గడ్డి లేచింది.
జామచెట్టు నుంచి మోరీ దాకా,
మోరీ నుంచి గేటు దాకా.

శనివారం బాకీ కూలి కోసం వచ్చింది.
చూసింది. నవ్వలేదు.
గొంతుక్కూర్చుంది.
చెయ్యి తనంతట తనే పోయి
ఒక మొలకను వేరుతో సహా పీకేసింది.
తర్వాత గుర్తొచ్చి,
మళ్ళీ అదే గుంటలో పెట్టి
బొటనవేలితో నొక్కింది.

"బతుకుతాది లే," అంది. "దానికేం."